ఇరవై బారల తాడు

"తాటిచెట్టు ఎంతెత్తుంటుందిరా?"

తుపాకి కాల్చడం నేర్పమని పోలవరం వెళ్లిన నన్ను మా మావయ్య అడిగిన మొదటి ప్రశ్న ఇది. 1976, సంక్రాంతి వెళ్లిన వారం. నాకు పద్దెనిమిదేళ్లు నిండాయి. రాజమండ్రిలో డిగ్రీ చదువుతూ, నాలుగు రోజులు సెలవు దొరికితే లాంచీ ఎక్కి మావయ్య ఇంట్లో దిగేవాణ్ణి. నూరడుగులుంటుందేమో అన్నాను. మావయ్య అవుననలేదు, కాదనలేదు. పెరటి వెనక తాడి గీస్తున్న మనిషిని కేకేసి, కొబ్బరిపీచు తాడు ఒకటి పైకి అందించాడు. అతను కమ్మల మొదట్లో తాడు కొస పట్టుకుని కిందికి వదిలాడు. మావయ్య రెండు చేతులూ బారచాపి కొలిచాడు. పది బారలు. బారకి ఆరడుగుల లెక్కన 60 అడుగులు, అంటే 20 గజాలు.

"ఇప్పుడు దీని నెత్తిమీద ఇంకో తాటిచెట్టు నిలబెట్టుకో. ఆ రెండోదాన్ని కూడా దాటి పోయే పిట్ట మనది కాదు."

ఆ రోజుకి పాఠం అంతే. తుపాకి బీరువాలోంచి బయటికి రాలేదు.

గురి ఉన్నవాళ్లని ఊళ్లో అందరూ పొగుడుతారు. ఎగిరే పిట్టని ఎంత దూరాన కొట్టాడో చెప్పుకుంటూ, చెప్పిన ప్రతిసారీ ఇంకో పది గజాలు కలుపుతారు. మా మావయ్య గురి కూడా మంచిదే. కానీ ఇన్నేళ్ల తరవాత నాకు గుర్తుండిపోయిందీ, నలుగురికీ పరిచయం చేయాలనిపిస్తున్నదీ ఆయన పనితనంలో వేరే భాగం. ఎంత దూరంలో కాల్చకుండా ఊరుకోవాలో ఒక కుర్రవాడి కంటికీ, వేలికీ పట్టుబడేలా నేర్పిన తీరు అది. వడ్రం పని నేర్పేవాడు ముందు చెక్క పట్టుకుని చూడమన్నట్టు, ఆయన ముందు నాకు దూరాన్ని చేతికిచ్చి పట్టుకోమన్నాడు.

అప్పటి చట్టం సంగతి ఒక్కమాట చెప్పాలి. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చినా, చిన్న వేటకి లైసెన్సు ఇచ్చే ఏర్పాటు ఆ చట్టంలోనే ఉండేది. పాపికొండలు అభయారణ్యమైంది 1978లో. మావయ్యకి ఆయుధం లైసెన్సు ఒకటి, వేట లైసెన్సు ఒకటి, రెండూ ఉండేవి. వాటిమీద ఉన్న షరతుల్ని ఆయన పంచాంగం చూసినంత శ్రద్ధగా చూసేవాడు. ఆయన పక్కన లేకుండా నేను ఆ తుపాకిని ముట్టుకున్న రోజు లేదు.

ఇక తాడు. గోదావరి మీద పడవవాళ్లు లోతుని బారల్లో చెబుతారు. మావయ్య ఆ లెక్కనే నేల మీదికి తెచ్చుకున్నాడు. ఇరవై బారల కొబ్బరిపీచు తాడు, అంటే 40 గజాలు. అయిదు బారలకొక ముడి. ముడిముడికీ ఒక గుడ్డపీలిక: అయిదుకి తెలుపు, పదికి పసుపు, పదిహేనుకి ఎరుపు. ఇరవై బారల దగ్గర పీలిక లేదు, తాడు కొస మాత్రమే ఉంది. అక్కడితో తాడు అయిపోతుంది, దాంతోపాటు మన పని కూడా అయిపోతుంది అన్నది ఆయన ఉద్దేశం. నోటితో చెప్పేవాడు కాదు, తాడే అలా కట్టాడు.

నెలపాటు నాకు తూటా ఇవ్వలేదు. పొద్దున్నే చేల గట్ల మీదికి తీసుకెళ్లేవాడు. వరి కోసేసిన మళ్లలో గువ్వలు దిగి గింజలేరుకుంటూ ఉండేవి. "ఎన్ని బారలు?" అని అడుగుతాడు. నేనొక అంకె చెబుతాను. చెప్పాక పిట్ట కూర్చున్న చోట ఒక గుర్తు చూసుకుని, అది లేచిపోయాక తాడు పరిచి కొలవాలి. ఎక్సర్‌సైజు పుస్తకంలో రెండు గళ్లు. నేను చెప్పింది ఎడమ గడిలో, తాడు చెప్పింది కుడి గడిలో. మొదటి వారం ఆ రెండు గళ్లూ ఒకదాన్నొకటి ఎరగనట్టే ఉండేవి. పదహారు అన్నది ఇరవై అయిదు తేలేది. పన్నెండు అన్నది ఇరవై ఒకటి.

మూడో వారానికి మావయ్య ఆ పుస్తకం తీసుకుని, నా తప్పుల్ని కుప్పలుగా విడదీశాడు. నన్ను నిజంగా ఆశ్చర్యపరిచిన పని అది. తప్పు ఎంత అని ఆయన చూడలేదు, ఎక్కడ చేశానో చూశాడు. నీటికి అవతల ఒడ్డున కూర్చున్న పిట్టని నేను ప్రతిసారీ దగ్గరగా చెప్పాను. మధ్యలో కంటికి ఆనుకోవడానికి గట్టూ పుట్టా ఏదీ లేకపోతే దూరం కుంచించుకుపోతుంది. పొద్దుటి మంచులో చూసినదాన్ని ఉన్నదానికన్నా దూరంగా చెప్పాను. ఎండ వీపుమీద పడి పిట్ట వొళ్లు మెరుస్తుంటే మళ్లీ దగ్గరగా చెప్పాను. "నీ కన్ను అబద్ధం చెప్పడం లేదురా. దానికి ఏం కనపడితే అదే చెబుతోంది. ఎప్పుడు ఎంత కలపాలో, ఎంత కోత వెయ్యాలో నీకు తెలియాలి," అన్నాడు. ఆ తరవాత నీటి మీద చూసిన ప్రతి అంకెకీ మనసులోనే నాలుగు బారలు కలపడం అలవాటైంది. ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు.

తాడు పరిచే వీలు లేనిచోట పిట్ట ఒంటినే కొలబద్దగా వాడమనేవాడు. పొడల గువ్వ మెడ వెనక నల్లటి పట్టీ మీద తెల్లటి చుక్కలుంటాయి. చుక్క చుక్కగా విడివిడిగా కనిపించాయంటే పిట్ట ఏడెనిమిది బారల్లోపే ఉన్నట్టు. చుక్కలు కలిసిపోయి గళ్ల పట్టీలా మసకగా ఉంటే పదిహేను. ఆ పట్టీ కూడా ఒంటి రంగులో కలిసిపోయి ఉత్త బూడిదరంగు పిట్ట అయిపోయిందంటే తుపాకి దించెయ్. చిలువ బాతుల గుంపు వస్తుంటే ఒంటి ఎరుపు కనపడాలి. ఎరుపు లేకుండా ఆకాశంమీద నల్ల గీతల్లా ఉన్నంతసేపూ వాటి ఈలలు వింటూ కూర్చోవడమే. ఇవి నా కళ్లకి, ఆ వెలుతురుకి కుదిరిన కొలతలు. ఎవరి కళ్లకి వాళ్లే కట్టుకోవాలని కూడా చెప్పాడు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం తుపాకి బయటికొచ్చింది. పిట్టల మీదికి కాదు. వెదురు బద్దలతో నిలువెత్తు చట్రం కట్టి, దానిమీద పాత దినపత్రికలు నాలుగేసి కలిపి అంటించాడు. చట్రం వెనక ఎత్తైన ఏటిగట్టు. గట్టు అవతలికి మనిషిని పంపి, ఎవరూ లేరని చూసొచ్చాకే తూటా జేబులోంచి తీశాడు. పత్రిక మధ్యలో బొగ్గుతో గువ్వ బొమ్మ గీశాడు. రెక్కలూ తోకా లేకుండా వట్టి ఒళ్లు, నా అరచేతికి కాస్త పెద్దగా. దాని చుట్టూ గుండ్రంగా గీత గియ్యడానికి పాత సైకిల్ టైరు తెచ్చాడు. ఈ పరీక్షకి ప్రపంచమంతా వాడేది 30 అంగుళాల వలయం. మన పెద్ద సైకిల్ టైరు 28 అంగుళాలు. రెండంగుళాలు తక్కువైతే లెక్క మనకి ఇంకా కచ్చితంగా ఉంటుందిలే అన్నాడు.

ఆ తుపాకి గురించి ఇక్కడ చెప్పాలి, ఎందుకంటే దూరమన్న మాట దాని ఒంట్లోనే చెక్కి ఉంది. పన్నెండు బోరు అంటే, ఆ గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయని. గొట్టం లోపలి వ్యాసం పద్దెనిమిదిన్నర మిల్లీమీటర్లు. రెండు గొట్టాలూ పైకి కవలల్లా ఉంటాయి. కానీ కుడి గొట్టం మొదటినుంచి చివరిదాకా ఒకే వెడల్పు. ఎడమది మూతి దగ్గరకొచ్చేసరికి ఒక్క మిల్లీమీటరు సన్నబడుతుంది. దాన్నే చోక్ అంటారు. ఒక్క మిల్లీమీటరు! కుడి గొట్టం పేల్చిన సీసపు రవ్వల్లో 40 గజాల దగ్గర ఆ 30 అంగుళాల వలయంలో పడేవి నూటికి సుమారు 40. ఎడమ గొట్టానివి 70. దగ్గరి పిట్టకి ముందు ట్రిగ్గర్, కుడి గొట్టం. దూరపు పిట్టకి వెనక ట్రిగ్గర్, ఎడమ గొట్టం. చూపుడువేలు ఒక అంగుళం వెనక్కి జరిగితే చాలు, తుపాకి మారిపోయినట్టే. ఎవరో ఊరూ పేరూ తెలియని పనివాడు ఇనుమును లోపలినుంచి అంత సన్నగా తొలిచి, దూరానికి రెండు జవాబులు ఒకే కట్టెకి బిగించాడు. దాన్ని శుభ్రం చేసేటప్పుడల్లా మావయ్య గొట్టాల్ని దీపానికెత్తి ఒక కన్నుతో చాలాసేపు చూసేవాడు.

ఆరో నంబరు తూటాలు. ఒక్కోదాంట్లో రవ్వలు రెండువందల ఎనభై పైచిలుకు. ముందు ఎడమ గొట్టంతో 20 గజాల నుంచి కాల్పించాడు. పత్రిక మధ్యలో తవ్వి తీసినట్టు పెద్ద కంత పడింది. బొగ్గు గువ్వ ఒంట్లో పదిహేడు చిల్లులు లెక్కపెట్టాను. "ఇది తినడానికి పనికొస్తుందా? దగ్గరికి కూడా ఒక హద్దుందిరా," అన్నాడు. 40 గజాల నుంచి మూడు పత్రికలు. చిల్లులు మూడు, నాలుగు, మూడు. తరవాత తాడు కొస దాటి ఇంకో పది బారలు వెనక్కి నడిపించాడు. 60 గజాలు. మళ్లీ మూడు పత్రికలు. ఒకటి, సున్నా, రెండు.

ఆ మూడు పత్రికల్నీ మావయ్య గట్టుమీద పక్కపక్కన పరిచి, నన్ను కూర్చోబెట్టాడు.

"ఇందులో చెడ్డది ఏదిరా?"

"సున్నా."

"కాదు. సున్నా అంటే పిట్ట ఇంటికెళ్లి పిల్లలకి మేత పెడుతుంది. రెండంటే పడొచ్చు, పడకపోవచ్చు. చెడ్డది ఇదీ," అని ఒకటి ఉన్న పత్రిక మీద వేలు పెట్టాడు. "ఒక్క రవ్వ. ఇది చంపదు, బతకనివ్వదు."

లెక్క ఎలా నడుస్తుందో ఆ తరవాత విడమరిచాడు. గొట్టం మూతి దాటేటప్పుడు రవ్వ వేగం సెకనుకి 1,200 అడుగుల చిల్లర. గుండ్రటి చిన్న సీసం గాలిని చీల్చలేదు, 40 గజాలు వెళ్లేసరికి వేగం దాదాపు సగానికి వస్తుంది. వేగం సగానికి దగ్గరైతే దెబ్బలో బలం మూడోవంతుకి పడిపోతుంది. ఇంకోపక్క రవ్వలు చెదురుతూ పోతాయి. ఎడమ గొట్టం 40 గజాల్లో నూటికి 70 వలయంలో పెడితే, 60 గజాల్లో పెట్టేది 32. అంటే దూరం పెరిగేకొద్దీ తగిలే రవ్వలూ తక్కువే, తగిలిన రవ్వకి సత్తువా తక్కువే. మూడోది పిట్ట ప్రయాణం. 40 గజాలు వెళ్లడానికి రవ్వలకి సెకనులో ఏడోవంతు పడుతుంది. ఆ లోపు జోరుమీదున్న గువ్వ ఎనిమిదడుగులు ముందుకి పోతుంది. దూరం ఇంకా పెరిగితే ఎన్ని అడుగుల ముందు గాలిలో కాల్చాలో ఊహించడం ఎవరి తరం? ఈ మూడూ కలిసి కట్టిన గోడే ఆ తాడు కొస. ఎవరి భయంవల్లో, మొహమాటంవల్లో పెట్టిన హద్దు కాదని ఆ రోజు నాకు పత్రికల మీద కనపడింది.

మావయ్యకి ఈ హద్దు ఎవరు నేర్పారని అడిగితే, పాపికొండల్లోంచి సంతకి దిగివచ్చే ఒక కొండరెడ్డి పెద్దాయన పేరు చెప్పేవాడు. నేను ఆయన్ని తాతా అని పిలిచేవాణ్ణి. కొండరెడ్లది మన తెలుగే, మాట సాగదీయడంలోనే తేడా. మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ 1940ల మొదట్లో ఆ కొండల్లో తిరిగి, 1945లో వాళ్లమీద పెద్ద పుస్తకమే వేశాడు. పోడు, వెదురు, చింతపండు, జీలుగు కల్లు, వీటి మధ్య గడిచే బతుకు. తాత భుజాన ఎప్పుడూ విల్లంబులుండేవి. విల్లు వెదురుది, నారి కూడా వెదురు బద్దే. పిట్టల కోసం వేరే బాణం ఉండేది. దానికి ఇనుప ములికి లేదు. కొసన రేగుపండంత చెక్క బొడిపె. ములికైతే పిట్టలోంచి దూసుకుపోయి కొమ్మకి దిగబడుతుంది, లేదా బాణంతో సహా పిట్ట ఎగిరిపోతుంది. బొడిపె దెబ్బకి సొమ్మసిల్లి కింద పడుతుంది. ఆ బొడిపెని చేత్తో తిప్పి చూశాను. చేవదేరిన చెక్క, నునుపుగా అరిగిపోయి, చేత్తో చెక్కిన గుర్తే లేదు.

తాత ఏడు బారలు దాటి బాణం వదిలిన సంగతి మావయ్య ఎన్నడూ చూడలేదట. ఆ ఏడు బారల్లోకి చేరడానికి మాత్రం అరపూట పట్టినా సరే. ఎండుటాకు మీద పాదం ఎలా పెట్టేవాడో తాతే నాకు చూపించాడు. ముందు పాదం బయటి అంచు ఆనించి, ఆకు కింద ఏముందో తెలుసుకున్నాకే బరువు మోపడం. పిట్ట తలెత్తితే, ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోవడం. "నీ తుపాకి దూరం పోతది బాబూ. నా కాలు పోతది," అని నవ్వేవాడు. తుపాకి పొడుగుమీద నమ్మకం పెట్టుకున్నవాడికి నడక రాదని ఆయన భావం. అడవికోళ్ల కూత వింటే చాలు అది ఏ జాతిదో, ఏ వాలులో ఉందో చెప్పేవాడు. ఎర్ర అడవికోడి ఉత్తరం నుంచి వచ్చి ఇంచుమించు గోదావరి దగ్గర ఆగుతుంది. బూడిదరంగు అడవికోడి దక్షిణం నుంచి వచ్చి ఇక్కడికే చేరుతుంది. రెండింటి సరిహద్దు తాత పెరడులో ఉంది మరి.

ఇంత నేర్చుకున్నాక కూడా నేను తప్పు చేశాను.

మార్చి మొదట్లో ఒక సాయంత్రం. నువ్వుచేను అంచున నిలబడ్డాను. అంతకుముందే రెండు గువ్వలు సరైన దూరంలో పడ్డాయి, ఒంట్లో హుషారుగా ఉంది. మూడోది ఎత్తుగా వచ్చింది. రెండో తాటిచెట్టు దాటి ఉందని నాకు తెలుసు. ఇరవై ఆరో, ఇరవై ఏడో బారలని నోటిదాకా అంకె కూడా వచ్చింది. వేలు వెనక ట్రిగ్గర్ మీదికి జారింది. పేలాక రెండు ఈకలు గాలిలో తేలాయి. పిట్ట ఒక పక్కకి తూలి, కాలు వేలాడేసుకుని, కాలవ దాటి ముళ్లపొదల్లోకి వాలిపోయింది.

మావయ్య ఒక్క మాట అనలేదు. తుపాకి మడిచి, మిగిలిన తూటా తీసి జేబులో వేసుకుని కాలవలోకి దిగాడు. చీకటి పడేదాకా వెతికాం, తరవాత అరికేన్ లాంతరు తెప్పించి వెతికాం. దొరకలేదు. ఆ రాత్రి ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. తెల్లవారుజామున నన్ను లేపి మళ్లీ తీసుకెళ్లాడు. కోరింద పొద మొదట్లో దొరికింది. బతికే ఉంది. రాత్రంతా అక్కడే ఉంది. మావయ్య తీసుకుని ఒక్క క్షణంలో దాని బాధ ముగించాడు. ఇంటికొచ్చాక నాచేతే ఈకలు పీకించి రవ్వలు వెతికించాడు. తొడలో దొరికింది. ఒకటి.

ఆ వేసవంతా నాకు తూటా లేదు. అది శిక్షని ఆయన అనలేదు, నేనూ అనుకోలేదు. మళ్లీ తాడు, పుస్తకం, రెండు గళ్లు. అప్పటినుంచి ఒక కొత్త నియమం చేరింది: పడిన పిట్ట చేతికి అందేదాకా రెండో తూటా తుపాకిలోకి ఎక్కదు. పడిన చోటు కళ్లతో పట్టుకుని, చేతిరుమాలు కట్టిన కర్ర అక్కడ పాతి, దాని చుట్టూ పెరుగుతూ పోయే గుండ్రాలుగా తిరిగి వెతకడం ఒక విద్యలాగే నేర్పాడు. దొరకని పిట్టని కూడా ఆ రోజు లెక్కలో రాయాలి. ఆయన పుస్తకంలో అలాంటివి ఎర్ర సిరాతో ఉండేవి. పదేళ్లకి ఆయనవి పదకొండు.

మిగతా జాగ్రత్తలు పట్టుమని పది మాటల్లో చెప్పేసేవాడు. పడవ ఎక్కినా, గట్టు దాటినా తుపాకి మడిచి ఖాళీగా ఉండాలి. నడుము ఎత్తుకి కిందుగా పోయే పిట్టని వదిలెయ్యాలి, ఆరో నంబరు రవ్వ రెండువందల గజాలు దాటి పడుతుంది, అక్కడ కలుపు తీసే ఆడవాళ్లుంటారు. ఇంకొకటి మాత్రం కాస్త ఆగి చెప్పేవాడు: పేరు చెప్పలేని పిట్టని కాల్చకూడదు. పేరు చెప్పలేనంత దూరంలో ఉందంటే అది కాల్చలేనంత దూరమే.

పక్షిశాస్త్రవేత్త సలీం అలీ కథ నాకు ఆయన నోటనే మొదట తెలిసింది. 1908లో బొంబాయిలో ఒక పిల్లవాడు ఎయిర్‌గన్‌తో ఒక పిచుకని కొట్టాడు. దాని మెడకింద పసుపుమచ్చ ఉంది. అదేం పిట్టో తెలియక మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీని అడిగాడు. మేనమామ బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపించాడు. అక్కడ కార్యదర్శి మిల్లార్డ్ సొరుగులు తెరిచి పిట్టల్ని చూపించాడు. ఆ పిల్లవాడే సలీం అలీ అయ్యాడు. "మేనమామ ఉంటే అలా ఉండాలిరా," అని మావయ్య ముసిముసిగా నవ్వేవాడు.

1986 జనవరిలో కలివికోడి మళ్లీ దొరికిందన్న వార్త చదివినప్పుడు ఆయన చాలాసేపు పత్రిక మడవలేదు. జెర్డాన్ 1848లో లోకానికి చెప్పిన పిట్ట అది. 19వ శతాబ్దంలో మన గోదావరి లోయలోనే భద్రాచలం వైపు కూడా బ్లాన్‌ఫర్డ్ చూసి రాశాడు. 1900 తరవాత ఎవరికీ కనపడలేదు. ఎనభై ఆరేళ్లకి కడప జిల్లా చిట్టడవిలో, ఒక స్థానిక వేటగాడు రాత్రి టార్చి వెలుగులో పట్టి తెస్తే, ఆ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ చూసి ఇదేనన్నాడు. "మన దగ్గర చివరిది ఎవడి తుపాకికి పోయిందో. వాడికి దాని పేరు కూడా తెలిసుండదు," అన్నాడు మావయ్య. అలాగే పోయిందని కాదు. అలా పోయి ఉండొచ్చన్న ఆలోచనే ఆయన్ని పట్టుకుంది. ఆ ఏడు సీజన్లో తుపాకి తియ్యలేదు.

అదే ఏడు ఆగస్టులో వరద వచ్చింది. భద్రాచలం దగ్గర 75 అడుగులు దాటిన వరద. పోలవరంలో ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. చిల్లుల పత్రికలు, రెండు గళ్ల పుస్తకాలు, ఎర్రసిరా లెక్క, అన్నీ గోదావరిలో కలిశాయి. తాడు మాత్రం దక్కింది. ఎందుకంటే ఆ నాలుగు రోజులూ నాటుపడవని పెరటి తాటిచెట్టుకి కట్టి ఉంచింది ఆ తాడే. పసుపు పీలిక దగ్గర చెట్టుకి ఒరుసుకుని పీచు తెగిన గుర్తు ఇప్పటికీ ఉంది.

1991లో చట్టం సవరించారు. వేట లైసెన్సులు లేకుండా పోయాయి. మావయ్య ఏ వాదనా పెట్టుకోలేదు. తుపాకికి నూనె రాసి, గుడ్డ చుట్టి, పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకున్నాడు. మరుసటి నెల రాజమండ్రి వచ్చి, నన్ను వెంటబెట్టుకుని బైనాక్యులర్స్ కొన్నాడు. దుకాణంలో ఎదురు మేడ మీది పావురాన్ని దాంట్లోంచి చూసి, "పద్దెనిమిది బారలుంటుంది," అన్నాడు. కొలవడానికి తాడు లేక ఇద్దరం అడుగులేసి చూశాం. సరిగ్గానే ఉంది.

ఆయన పోయి చాలా ఏళ్లైంది. పాపికొండలు 2008లో జాతీయ పార్కు అయ్యాయి. తాత నడిచిన వాలుల్లో కొన్ని ఇప్పుడు పోలవరం ప్రాజెక్టు నీళ్ల కింద ఉన్నాయి. ఆయన మనవళ్లు పునరావాస కాలనీలో ఉంటున్నారు. వాళ్లింట్లో గోడకి ఆ విల్లు ఉంది, బొడిపె బాణం లేదు.

ఏటా జనవరిలో నీటిపక్షుల లెక్కింపు జరుగుతుంది. మావయ్య మనవరాలు ఇంజినీరింగ్ చదువుతోంది, పోయినేడు నాతో వచ్చింది. పట్టిసం దిగువన లంక ఒడ్డున కూర్చున్నాం. గుంపు దూరం తెలియకపోతే సంఖ్య అంచనా తప్పుతుందని చెప్పి, తాడు తీసి ఇచ్చాను. నీటికి అవతల ఇసుక మీద చిలువలు కునుకుతున్నాయి.

"ఎన్ని బారలు?" అన్నాను.

"పదిహేను, తాతయ్యా."

మధ్యలో ఉన్నది మోకాలిలోతు పాయే. చిలువలు లేచిపోయేదాకా గంటన్నర ఆగి, ప్యాంటు మడుచుకుని తాడు కొస పట్టుకుని తనే అవతలికి నడిచింది. ఎర్ర పీలిక నీళ్లలో పడింది. ఇంకా నడిచింది. పందొమ్మిది. వెనక్కొచ్చి పుస్తకంలో రెండు గళ్లు గీసింది. ఎడమ గడిలో పదిహేను వేసి, కుడి గడిలో పందొమ్మిది వేసి, పక్కన చిన్నగా "నీటి మీద" అని రాసుకుంది.